చేపముల్లు గుంట

జడ్సన్‌కు నిలకడ లేదన్న సంగతి నాయుడుపేటలో అందరికీ తెలుసు. కానీ ఆ శనివారం చూసినోళ్లకే తల తిరిగింది. బస్టాండు ఎదురుగా కళ్లజోళ్ల షాపు ఆయనది. ఒక పెద్దాయన చదువుకునే అద్దాలు అడిగితే దూరంచూపువి బిగించి ఇచ్చినాడు. ఇంకొకామెకు జోడు టేబుల్ మీదనే పెట్టి ఖాళీ డబ్బా చేతికిచ్చి పంపించినాడు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే వాకిట్లోకి పోతాడు, అక్కడ నిలబడి పోయే బస్సులన్నీ లెక్కబెట్టి మళ్లీ లోపలికొస్తాడు. ఏందయ్యా ఈ తిప్పలు అంటే, ఒక రాయి కోసం.

రాయంటే మామూలు రాయి కాదు లెండి. జానెడు పొడవు, ఆరు పలకలు, లేత నీలం స్ఫటికం. ఎండలో పెడితే లోపల నీళ్లున్నాయేమో అనిపిస్తుంది. దాని మొదట్లో తెల్ల పలుగురాయి, ఆ పలుగురాయికి అంటుకొని పిడికెడంత అభ్రకం కట్ట, పొరలు పొరలుగా. సైదాపురం పక్క అభ్రకం గనులు జోరుగా నడిచిన రోజుల్లో వాళ్ల నాయన హెన్రీ మేస్త్రీ తెచ్చినాడు దాన్ని. గనిలో అందరూ అభ్రకం కోసం తవ్వుతుంటే హెన్రీ మేస్త్రీ కళ్లు మాత్రం ఇట్లాంటి స్ఫటికాల మీద ఉండేవి. రెండు వందల పైచిలుకు పోగేసినాడు. ప్రతి రాయి కింద తన చేత్తో రాసిన చీటీ ఉంటుంది. ఏ గుంటలో దొరికింది, ఎంత లోతులో, ఏ తేదీన. చీటీ లేని రాయి ఎంత అందంగా ఉన్నా వీధిలో రాయే అనేవాడు. స్ఫటికాన్ని అది పుట్టిన రాతితో సహా తియ్యాల, విడగొడితే ఉంగరానికి తప్ప ఎందుకూ పనికిరాదు అని కూడా కొడుక్కి నూరిపోసినాడు.

హెన్రీ మేస్త్రీ పోయి ఇరవై రెండేళ్లయింది. గనులు అంతకుముందే మూతపడినాయి. సమాధుల తోటకు ఆ పొద్దు పట్టుమని పదిమంది రాలేదు. అది జడ్సన్ కడుపులో అట్లాగే ఉండిపోయింది. మా నాయన పేరు ఎక్కడో ఒక చోట, నలుగురూ చదివే చోట, అచ్చులో పడాల. యాభై ఆరేళ్ల మనిషికి అదొక్కటే కోరిక.

ఇన్నాళ్లకు దారి దొరికింది. చెన్నైలో ఒక ట్రస్టు వాళ్లు రాళ్ల మ్యూజియం కట్టి, పాత గనుల స్ఫటికాలకని ఒక గది పెడుతున్నారు. అక్కడ పనిచేసే సుప్రియ, మన సంగం ఊరి పిల్లే, వచ్చి పెట్టెలన్నీ చూసి నీలిరాయి దగ్గర ఆగిపోయింది. “గది మధ్యలో ఇదే పెడతాం అంకుల్. కింద హెన్రీ మేస్త్రీ సేకరణ అని ఇత్తడి పలక వేస్తాం” అన్నది. ఆ వారమంతా జడ్సన్ కాళ్లు నేల మీద ఆనలేదు.

శనివారం పొద్దున ఆ పిల్లే ఫోను చేసింది.

“అంకుల్, చిన్న చిక్కొచ్చింది. చీటీలో రాజుగారి గుంట అని ఉంది గదా. రాజుగారి గుంట అభ్రకం ఎర్రగా ఉంటుంది, మా దగ్గర నాలుగు ముక్కలున్నాయి. మీ రాయి కింద ఉండేది పచ్చగా ఉంది. ఎక్కడిదో తేలని రాయిని మా కమిటీ ఒప్పుకోదు. ఆ కాలం కూలోళ్లు ఎవరన్నా ఉంటే చూపించి కనుక్కోండి. సోమవారం పదకొండింటికి వస్తా.”

“మా నాయన తప్పు చీటీ రాసే మనిషి కాదమ్మా!” అని ఆ పిల్ల మీద గయ్‌మని లేచి ఫోను పెట్టేసినాడు. పెట్టేసినప్పట్నించీ ఒక చోట నిలిస్తే ఒట్టు.

ఆదివారం చర్చి గంట కొడుతుంటే బండి బయటికి తీసినాడు. భార్య వాణి బైబిలు చేతిలో పట్టుకొని వాకిట్లోకి వచ్చింది.

“దేవుడి కన్నా రాయి ఎక్కువైపోయిందా నీకు?”

“మధ్యాన్నం అన్నానికి వచ్చేస్తాలే.”

“నువ్వొచ్చేది నాకు తెలీదా! పులుసు చల్లారిపోయిందని నా మీద ఎగరొద్దు, చెప్తుండా.”

ఆ మాట సగంలో ఉండగానే వీధి మలుపు తిరిగేసినాడు.

రాయిని పాత దుప్పటి ముక్కలో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి, స్కూటర్ మీద కాళ్ల సందున పెట్టుకున్నాడు. గూడూరు దాటి సైదాపురం దారి పట్టేసరికి రోడ్డు పక్క మట్టి తళతళమనడం మొదలైంది. గనులోళ్లు ఏళ్ల తరబడి పారబోసిన అభ్రకం తునకలు. ఆ తునకల దిబ్బల వెనక సర్కారు తుమ్మ కమ్ముకున్న పాత గుంటలు, వాటిల్లో కదలని నీళ్లు. దారిలో మూడుసార్లు బండి ఆపి, మూత తీసి చూసుకున్నాడు. రాయి ఎక్కడికి పోతుందండీ? కాళ్లు లేవు గదా దానికి! అయినా చూసుకున్నాడు.

గుంటపాలెంలో టీ అంగడి దగ్గర అడిగితే, “ఇంకెవరుండారు, హజరత్తయ్య పెళ్లాం పిచ్చమ్మను అడుగు” అన్నారు. పిచ్చమ్మకు డెబ్బై నాలుగేళ్లు. పన్నెండో ఏట నుంచి అభ్రకం షెడ్డులో పొరలు చీల్చిన మనిషి. అభ్రకం ముక్క చేతిలో పెడితే చాలు, ఏ గుంటదో చెప్పేస్తుందని పేరు. షెడ్డులో ఆడోళ్లకు అది సరదా కాదు. ఏ గుంట సరుకుకు కత్తి ఎట్లా పెట్టాలో తెలియకపోతే పొర చిరిగేది, చిరిగితే మేస్త్రీ తిట్లు.

ఆమె వసారాలో కూర్చొని చింతపండు గింజలు తీస్తా ఉంది.

“ఎవరబ్బయ్యా?”

“నాయుడుపేట నుంచి వచ్చినానక్కా. హెన్రీ మేస్త్రీ కొడుకుని, జడ్సన్.”

పిచ్చమ్మ చెయ్యి ఆగింది. “మేస్త్రీ కొడుకువా” అన్నది. కూర్చోమనలేదు, పొమ్మనా లేదు. కాసేపటికి తనే లేచి చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

జడ్సన్‌కు ఆ నీళ్లు తాగే ఓపిక యాడిది? డబ్బా తెరిచి రాయి ఆమె ముందర పెట్టి, అడక్కుండానే కథ ఎత్తుకున్నాడు. ఆయన ఈ కథ చెప్పడం ఇది వెయ్యోసారి అయి ఉంటుంది. చెప్పిన ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది ఆయనకు.

“దీన్ని నా చేత్తో కడిగినానక్కా. నాకు తొమ్మిదేళ్లు. పెద్ద తుఫాను వచ్చింది చూడు, దానికి ముందొచ్చిన క్రిస్మస్. పండక్కి రెండు రోజులుంది. ఇంటి ముందు నక్షత్రం కట్టుకుంటా ఉంటే మా నాయన నడుం దాకా బురదతో వచ్చినాడు. మా అమ్మకు కూడా చెప్పకుండా నన్ను పెరట్లోకి పిలిచి, బకెట్లో పెట్టి కడగరా అన్నాడు. బురద కరిగేకొద్దీ నీలం బయటికొస్తా ఉంటే నేను గంతులేసినా. చీటీ కూడా అప్పుడే రాసినాడు. ఇదిగో, ఇరవై మూడు, పన్నెండు, డెబ్బై ఎనిమిది. రాజుగారి గుంట.”

పిచ్చమ్మ రాయిని ఒళ్లో పెట్టుకుంది. నీలం పక్క చూడనే లేదు. ఎడమ కంట్లో శుక్లం బాగా ముదిరిందని జడ్సన్ గమనించినాడు, ఆ కళ్లజోళ్లవాడి బుద్ధి యాడికి పోతుంది. ఆమె బొటనవేలి గోరుతో అభ్రకం కట్ట అంచున ఒక పొర లేపింది, ఉల్లిపొర కన్నా పలచన. దాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా రాసింది. ఇంకోసారి రాసింది.

“ఇది రాజుగారి గుంటది కాదు” అన్నది. “వేలు పెట్టి చూడు. మధ్యలో ఒక గీత, దానికి అటూ ఇటూ సన్నంగా ముళ్లు తగలడంలా? చేపముల్లు గుంటది. ఈ ముళ్ల సరుకు షెడ్డుకొస్తే మేమంతా ఏడ్చేవాళ్లం, కత్తి నిలిచేది కాదు. ఈ చుట్టుపక్కల ఇంకే గుంటలోనూ ఈ ముల్లు రాదు.”

“అంతేనా!” జడ్సన్‌కు ప్రాణం లేచొచ్చింది. గుంట పేరు ఏదైతేనేం, దొరికింది గదా! నాయన పండగ హడావుడిలో తప్పు రాసుంటాడు. “బతికించినావక్కా! పెద్ద మ్యూజియంలో పెడుతుండారు దీన్ని, మా నాయన పేరుతో” అని జేబులోంచి పెన్ను తీసినాడు.

“రాసుకో అబ్బయ్యా. ఇంకొకటి కూడా చెప్తా, అదీ రాసుకో. చేపముల్లు గుంట ఆ నెల పద్నాలుగో తేదీ కూలింది. బేస్తవారం.”

జడ్సన్ రాయబోయి ఆగినాడు.

“లోపల ముగ్గురు. పోలేరయ్య, పోలేరయ్య తమ్ముడు, మా ఆయన. నేను తొమ్మిది రోజులు ఆ గట్టు మీదనే కూర్చున్నా. పక్కన పాత సొరంగం దారి ఒకటుండాది, దాంట్లోంచి పోయి శవాలన్నా తీసుకురాండయ్యా అని మీ నాయన కాళ్లు పట్టుకున్నా. ఆ దారి నిండా నీళ్లేనమ్మా, మనిషనేవాడు పోలేడు, ఆశ వదులుకో అన్నాడు. తొమ్మిదో నాడు పొద్దున నన్ను రెక్క పట్టి లేపి ఇంటికి పంపించేసినారు.” ఆమె చీటీ మీద వేలు పెట్టింది. చదువు రాదు, అయినా తేదీ ఉన్న చోటనే పెట్టింది. “ఆ పొద్దే దిగినాడన్నమాట మీ నాయన.”

“నీళ్లు తగ్గినాక పోయుంటాడక్కా” అన్నాడు జడ్సన్. తన గొంతు తనకే నచ్చలేదు.

“తగ్గితే నాకు చెప్పాల గదా అబ్బయ్యా. నడుం దాకా బురద అన్నావే. అంత బురదలో పడి రాయి కోసం పోయినోడు మనిషి కోసం పోలేడా?”

జడ్సన్ పెన్ను మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

“శవాలు బయటికొస్తే ఇన్‌స్పెక్టర్లొస్తారు, ఉన్న గుంటలన్నీ మూసేస్తారు. ఓనరు వద్దనుంటాడు, మీ నాయన తలూపుంటాడు. నాకిప్పుడు తెలిసింది, అంతే” అన్నది పిచ్చమ్మ. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టలేదు, దానికే ఆయనకు చెడ్డ భయమేసింది. రాయి డబ్బాలో పడేసుకొని, చెప్పకుండా, వెనక్కి చూడకుండా పారిపోయినాడు. వచ్చేసినాడు అంటే అబద్ధమవుతుంది. పారిపోయినాడు.

ఇంటికొచ్చి పులుసు ముట్టలేదు. ముసల్ది, కళ్లు కనపడవు, ఏదో వాగింది అనుకున్నాడు. అనుకొని, గదిలోకి పోయి తన బొటనవేలు ఆ పొర మీద పెట్టినాడు. మధ్యలో గీత, అటూ ఇటూ ముళ్లు. నలభై ఏడేళ్లుగా చూస్తున్న రాయి, ఏనాడూ కింద వేలు పెట్టి చూసిన పాపాన పోలేదు. నాయన మిగతా రాళ్లన్నీ వచ్చినోళ్లకల్లా చూపించేవాడు, ఇది మాత్రం పెట్టె అడుగున ఉండేది. ఖరీదైందని దాచినాడనుకునేవాడు. లేచి పెరట్లోకి పోయినాడు, మేడెక్కినాడు, దిగినాడు. వాణి వెంటపడి అడిగితే అంతా కక్కేసినాడు.

వాణి మేడ మెట్ల మీద కూర్చుంది. “మామయ్య అట్లాంటోడు కాదని నేనూ అంటాను. కానీ ఆమెతో ఆ మాట అనగలనా?” అన్నది.

సోమవారం పదకొండింటికి చెప్పినట్టే సుప్రియ కారు దిగింది. జడ్సన్ ఏదీ దాచలేదు, ముగ్గురి సంగతీ చెప్పినాడు. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగినాయి కూడా, అబద్ధం చెప్పకూడదు. తుడుచుకొని, “చాలా బాధగా ఉంది అంకుల్. కానీ పలక మీద అవన్నీ పట్టవు. గుంట పేరు, తేదీ, మీ నాన్నగారి పేరు. అంతే రాస్తాం. చేపముల్లు గుంట స్ఫటికం ఇంకెక్కడా లేదు, మా కమిటీ ఎగిరి గంతేస్తుంది” అన్నది. కాగితాలు టేబుల్ మీద పెట్టి సంతకం ఎక్కడో చూపించింది.

చూడండి, అడిగిందంతా చేతికొచ్చింది! నాయన పేరు, ఇత్తడి పలక, గది మధ్యలో అద్దాల పెట్టె. ఒక్క గీత గీకితే అయిపోయె. జడ్సన్ పెన్ను పట్టుకున్నాడు, పెట్టినాడు, మళ్లీ పట్టుకున్నాడు. ఆ పలక ముందర నిలబడి పిల్లలు హెన్రీ మేస్త్రీ అని చదువుతుంటే తనకు ఏం వినిపిస్తుందో తెలిసిపోయింది. ఆశ వదులుకో అన్న మాట వినిపిస్తుంది.

“మూడింటి దాకా ఉండమ్మా” అని డబ్బా చంకన పెట్టుకున్నాడు.

“అంకుల్, నేను చీకటి పడకముందే చెన్నై చేరాల!”

“ఉండు తల్లీ, నీకు దండం పెడతా” అని బండెక్కినాడు.

పిచ్చమ్మ ఆయన్ని చూసి ఆశ్చర్యపడలేదు. “మళ్లీ వచ్చినావే” అన్నది.

“నిన్న పొద్దుగూకులూ కాలు నిలవలేదక్కా నాకు. ఇది నీది. తీసుకో. పగలగొడతావో, బాయిలో పారేస్తావో నీ ఇష్టం.”

పిచ్చమ్మ డబ్బా వంక చూసింది. “ఈ నీలం రాయి నేనేం చేసుకునేదబ్బయ్యా? అది మీ నాయన తెచ్చుకున్నది, మీరే పెట్టుకోండి. ఆ కింద ఉండే అభ్రకం నాకియ్యి. మా ఆయన తవ్వతా ఉన్నది అది. ఆయన ఉన్న చోటి నుంచి బయటికొచ్చింది అదొక్కటే. మట్టి చేస్తా.”

“విడదీస్తే...” అని జడ్సన్ మొదలుపెట్టి ఆగినాడు.

విడదీస్తే నీలిరాయికి ఊరూ పేరూ ఉండదు. ఏ గుంటదో చెప్పే సాక్ష్యం ఆ అభ్రకమే. అది లేకపోతే మ్యూజియం గడప తొక్కదు, పలక లేదు, హెన్రీ మేస్త్రీ పేరు ఎక్కడా లేదు. ఈ సంగతి పిచ్చమ్మకు తెలియదు. చెబితే వద్దంటుందేమో కూడా. అందుకే చెప్పలేదు ఆయన.

“కత్తి ఉందాక్కా?” అన్నాడు.

చూరులోంచి పాత కత్తి తీసింది, షెడ్డు మూసిన నాడు తెచ్చుకున్నది. జడ్సన్ బాసిపెట్లు వేసుకొని కూర్చొని రాయిని రెండు చేతులా పట్టుకున్నాడు. “కదలొద్దు” అన్నది. కదల్లేదు. ఊపిరి కూడా బిగబట్టినాడు. పిచ్చమ్మ అభ్రకానికీ పలుగురాయికీ మధ్య సందు వేలితో వెతికి, కత్తి మొన పెట్టి, చిన్నగా మెలిపెట్టింది. టక్‌మన్నది. కట్ట మొత్తం, ఒక్క పొర చెదరకుండా, ఆమె అరచేతిలోకి వచ్చేసింది. జడ్సన్ చేతిలో నీలిరాయి ఉంది, ఇంక అది ఎక్కడిదైనా కావచ్చు.

చేపముల్లు గుంట ఊరికి అరమైలు. తుమ్మ కంపలు తప్పించుకుంటా ఇద్దరూ నడిచినారు. పెద్దామె ముందు, ఆయన గడ్డపార భుజాన వేసుకొని వెనక. గట్టు మీద ఆమె చూపించిన చోట మోకాలి లోతు తవ్వినాడు. పిచ్చమ్మ అభ్రకాన్ని కొత్త తెల్లగుడ్డలో చుట్టి, పసుపు చల్లి, బిడ్డను పడుకోబెట్టినట్టు లోపల పెట్టింది.

“మన్ను వెయ్యి” అన్నది.

“నేనా అక్కా? నేను వెయ్యొచ్చునా?”

“మీ నాయనను మన్నించేది నాకు చేతకాదబ్బయ్యా. ఆ మాట నన్ను అడగొద్దు. నువ్వు వెయ్యి.”

మూడు పిడికిళ్లు వేసినాడు. కళ్లు మసకలు కమ్మినాయి, మిగతా మన్ను చేతులతోనే నెట్టినాడు. జేబులో ఫోను మోగింది, సుప్రియ అయి ఉంటుంది. మూడు ఎప్పుడో దాటిపోయింది. మోగనిచ్చినాడు.

పిచ్చమ్మ ఆ మట్టి పక్కన కూలబడింది. మొదట చప్పుడు రాలేదు. తర్వాత రెండు చేతులూ నేలకేసి కొట్టుకుంటా, గుండె పగిలిపోయేటట్టు ఏడ్చింది. అప్పుడే తాళి తెగిన మనిషి ఏడుపు అది, డెబ్బై నాలుగేళ్ల ముసలామె ఏడుపు కాదు. జడ్సన్‌కు ఆమెను పట్టుకోవాలని ఉంది, తనకు ఆ హక్కు లేదని కూడా తెలుసు. చేతులు నలుపుకుంటా నిలబడిపోయినాడు.

దిబ్బ అవతల తునకలు ఏరుకుంటున్న పక్క ఊరి ఆడోళ్లు ఇద్దరు గంపలు పడేసి పరిగెత్తుకొచ్చినారు.

“ఏందవ్వా, ఏమైంది? ఎవరు పోయినారు?”

“మా ఆయనమ్మా, మా ఆయన పోయినాడు!”

“అయ్యో తల్లీ! ఎప్పుడవ్వా?”

పిచ్చమ్మ ఆ మట్టి మీద చెయ్యి పెట్టి తల పైకెత్తింది.

“ఈ పొద్దే” అన్నది.